ముందు కిలోలు, ఆ తర్వాతే లీటర్లు

ప్రశ్న: నాకు నలభై రెండేళ్లు. ఎత్తు 160 సెంటీమీటర్లు. చాలా ఏళ్లుగా 200 సీసీ బండి నడుపుతున్నాను. ఇప్పుడు మా అక్కను వెనక కూర్చోబెట్టుకుని వారం, పది రోజుల ప్రయాణాలు చేయాలని ఉంది. నా బరువు 62 కిలోలు, అక్కది 70. అక్కకు మోకాలి నొప్పి. రెండు బండ్లు చూశాను. ఒకటి షోరూమ్‌లో ఉన్న సుజుకి వీ-స్ట్రామ్ 650. పది నిమిషాలు నడిపాను, సీటు మెత్తగా, హాయిగా అనిపించింది. మూడు బాక్సులు పెట్టిస్తే 90 లీటర్ల సామాను పడుతుందన్నారు. రెండోది సెకండ్ హ్యాండ్ హోండా డోవిల్ ఎన్‌టీ700వీ. పక్క బాక్సులు బండితోపాటే వచ్చాయి. చూడ్డానికి పాతగా ఉంది, బరువు కూడా ఎక్కువే. ధర మాత్రం మొదటిదానిలో సగం కన్నా తక్కువ. రెంటిలో ఏది సుఖం? సామాను సరిపోతుందా? దేనికి డబ్బు పెట్టడం న్యాయం?

సమాధానం: మీ ఉత్తరంలో నాకు బాగా నచ్చింది ఏమిటంటే, ఇద్దరి బరువులూ రాశారు. బండి గురించి అడిగేవాళ్లు సీసీ రాస్తారు, మైలేజీ రాస్తారు, రంగు కూడా రాస్తారు. బరువు రాసేవాళ్లు అరుదు. మీ మూడు ప్రశ్నల్లో రెంటికి జవాబు అక్కడినుంచే మొదలవుతుంది. కాబట్టి సుఖం సంగతి కాసేపు పక్కనపెట్టి సామానుతో మొదలుపెడతాను.

ప్రతి బండికీ తయారీదారు ఒక గరిష్ఠ బరువు నిర్ణయిస్తారు. బండి, మనుషులు, సామాను, పెట్రోలు అన్నీ కలిపి అంతకు మించకూడదు. ఓనర్స్ మాన్యువల్‌లో ఉంటుంది, చాలా బండ్లకు ఫ్రేమ్ మీద అంటించిన ప్లేటు మీద కూడా ఉంటుంది. అందులోంచి బండి సొంత బరువు తీసేస్తే మీరు మోయించగలిగేది ఎంతో తెలుస్తుంది. సొంత బరువు అంటే కర్బ్ వెయిట్, అంటే నిండా పెట్రోలు, ఆయిలు, కూలెంట్ ఉన్నప్పటి బరువు. ఎక్కడైనా డ్రై వెయిట్, అంటే పెట్రోలులాంటివి పోయకముందు బరువు, అని కనబడితే ఆ అంకె మీద లెక్క కట్టొద్దు. ఇరవై లీటర్ల పెట్రోలే దాదాపు 15 కిలోలు ఉంటుంది.

మీ ఇద్దరితోనే ఒక ఉదాహరణ చూద్దాం. గరిష్ఠ బరువు 410, కర్బ్ వెయిట్ 220 అనుకోండి. మిగిలింది 190. మీరిద్దరూ 132. హెల్మెట్లు, జాకెట్లు, బూట్లు కలిపి తలా ఎనిమిది కిలోలు వేసుకుంటే 148. మిగిలింది 42. ఇక మూడు గట్టి బాక్సులు, వాటిని తగిలించే ఇనప చట్రాలు, ప్లేట్లు కలిపి ఇరవై కిలోలు దాటడం మామూలే. క్రాష్ గార్డు, సెంటర్ స్టాండు కూడా వేయిస్తే మరో తొమ్మిది, పది కిలోలు. చివరికి మీ బట్టలకూ పనిముట్లకూ మిగిలేది పది, పన్నెండు కిలోలు. 90 లీటర్ల చోటుంది, అందులో పెట్టడానికి అనుమతి ఉన్న బరువు ఒక చిన్న బ్యాగంత! ఈ అంకెలు లెక్క చూపించడానికే. మీరు చూసిన రెండు బండ్ల అసలు అంకెలు మాన్యువల్‌లోంచి తీసుకుని ఇదే లెక్క కట్టండి. అది చేయకుండా అడ్వాన్సు ఇవ్వొద్దు.

ఇదే లెక్కతో డోవిల్ బరువును కూడా న్యాయంగా చూడాలి. 250 కిలోలు దాటిన బండి అనగానే భయం వేయడం సహజం. కానీ ఆ బరువులో పక్క బాక్సులున్నాయి, పెద్ద ఫెయిరింగ్, అంటే గాలిని అడ్డుకునే ముందు కవచం ఉంది, వెనక చక్రాన్ని తిప్పడానికి చైనుకు బదులు షాఫ్ట్, అంటే ఇనప కడ్డీ ఉంది. వీ-స్ట్రామ్ దాదాపు 215 కిలోలని బ్రోషర్‌లో కనబడేది మాత్రం ఏమీ తగిలించని ఒట్టి బండి. దానికి బాక్సులు, చట్రాలు, స్టాండు అన్నీ బిగించాక రెంటినీ పక్కపక్కన నిలబెట్టి చూస్తే తేడా మీరు అనుకున్నంత ఉండదు.

గరిష్ఠ బరువు దాటితే ఏమవుతుందని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. బండి ఆగిపోదు, నిజమే. వెనక షాక్ అబ్జార్బర్ సగానికి పైగా కుంగిపోయి ఉంటుంది, చిన్న గుంతకే చివరికంటా తగులుతుంది. వెనక కుంగితే ముందు తేలుతుంది, హ్యాండిల్ తేలికైపోతుంది, హెడ్‌లైటు రోడ్డు మీద కాక ఎదురొచ్చేవాళ్ల కళ్లలో పడుతుంది. వెనక టైరు వేడెక్కుతుంది. బ్రేకు వేసినప్పుడు ఆగే దూరం పెరుగుతుంది. మీ అక్కగారికి నడుం నొప్పి మొదలయ్యేది కూడా అక్కడే. సామాను, సుఖం వేరువేరు విషయాలు కావని నేననేది అందుకే.

బరువు ఎంత అన్నదే కాదు, ఎక్కడ పెట్టారన్నదీ ముఖ్యం. టాప్ బాక్స్ వెనక చక్రం ఇరుసు కన్నా వెనక్కి, పైకి ఉంటుంది. తూగుడుబల్ల చివర కూర్చున్న మనిషిలాగా అది ముందు చక్రాన్ని పైకెత్తుతుంది. అందుకే చాలా టాప్ బాక్సుల మీద, వాటిని బిగించే ర్యాకుల మీద ఐదు నుంచి పది కిలోల పరిమితి రాసి ఉంటుంది. యాభై లీటర్ల డబ్బాకు ఇంత చిన్న పరిమితి ఏమిటని అనిపిస్తుంది. అందులో రెయిన్ కోట్లు, జాకెట్ల లైనర్లు, బండి ఆపి దిగినప్పుడు హెల్మెట్లు, అంతే పెట్టాలి. పనిముట్లు, నీళ్ల సీసాలు, చార్జర్లు, బూట్లలాంటి బరువైనవి పక్క బాక్సుల్లో అడుగున, వీలైనంత ముందుకు, రెండు వైపులా సమానంగా. బాక్సులు తగిలించిన బండికి తయారీదారు వేగ పరిమితి కూడా ఇస్తారు, సాధారణంగా 120, 130 దగ్గర. ఆ పైన బండి పాములా మెలికలు తిరగడం మొదలుపెట్టొచ్చు. ఎప్పుడైనా అలా అయితే బ్రేకు మీదకు పోవద్దు. యాక్సిలరేటర్ నెమ్మదిగా తగ్గించి, ట్యాంకును మోకాళ్లతో పట్టి, చేతులు వదులుగా ఉంచండి.

లీటర్ల విషయానికొస్తే, ఆ అంకె పెట్టె ఆకారం చెప్పదు. సైలెన్సర్ కోసం లోపలికి నొక్కేసిన కుడి బాక్సు, అదే సైజు ఎడమ బాక్సు బయటి నుంచి ఒకేలా కనబడతాయి. తెరిస్తే ఒకటి సగమే. షోరూమ్‌కు వెళ్లేటప్పుడు మీ హెల్మెట్, మీ బ్యాగు తీసుకెళ్లి నిజంగా పెట్టి చూడండి, మూత పడుతుందో లేదో అక్కడే తేలిపోతుంది. డోవిల్ పక్క బాక్సులు రెండూ కలిపి దాదాపు 54 లీటర్లు. పెద్దగా ఏమీ కాదు. కానీ సీటు కింద నుంచి రెండు బాక్సుల మధ్య దారి ఉంటుంది, కాబట్టి ట్రైపాడ్‌లాంటి పొడుగు వస్తువు అడ్డంగా పడుతుంది. ఎవరు ఆలోచించారో గానీ, రోజూ ప్రయాణం చేసే మనిషే ఆలోచించి ఉంటారు. లోపం ఏమిటంటే, ఈ బాక్సులు బండి నుంచి ఊడిరావు. రాత్రి గదికి సామాను తీసుకెళ్లాలంటే లోపల సరిపోయే సంచులు కావాలి. అలాంటి సంచులు ఉన్నాయా అని అమ్మేవాళ్లను అడగండి, లేకపోతే కొలత ఇచ్చి కుట్టించుకోండి.

ఇద్దరికి వారానికి ఎంత చోటు కావాలి? తలా ఒక 25, 30 లీటర్ల సంచి చాలు. పది రోజులకూ అంతే, మధ్యలో ఒకసారి బట్టలు ఉతుక్కుంటారు. రెయిన్ కోట్లు, పంచర్ కిట్టు, మందులు పెట్టుకోవడానికి చిన్న టాప్ బాక్సో, ట్యాంక్ బ్యాగో ఒకటి. అంటే డోవిల్‌కు చిన్న టాప్ బాక్స్ ఒకటి చేర్చినా, వీ-స్ట్రామ్‌కు మూడో బాక్సు తీసేసినా మీ పని జరిగిపోతుంది. 90 లీటర్లు ఉన్నాయని 90 లీటర్లూ నింపబుద్ధవుతుంది, చోటు ఎక్కువుంటే వచ్చే ఇబ్బంది అదే. మెత్తని సంచులు, అంటే క్లాత్ సైడ్ బ్యాగులు కూడా ఒకసారి ఆలోచించండి. ఒక్కోటి బాక్సుకన్నా రెండు, మూడు కిలోలు తక్కువ తూగుతుంది. తాళం సరిగ్గా ఉండదు, సైలెన్సర్‌కు తగిలితే కాలుతుంది, వానకు లోపల ప్లాస్టిక్ కవరు తప్పదు. గట్టి రోడ్ల మీద, గదుల్లో బస చేస్తూ తిరిగే మీకు గట్టి బాక్సులే మేలని నా అభిప్రాయం. మట్టి దారుల్లో తిరిగేవాళ్లకు మాత్రం సంచులే చెబుతాను, పడినప్పుడు కాలు గట్టి బాక్సు కింద ఇరుక్కునే ప్రమాదం తగ్గుతుంది.

ఇక సుఖం. పది నిమిషాల్లో మెత్తగా అనిపించిన సీటు రెండో గంటలో ఎలా ఉంటుందో ఆ పది నిమిషాలు చెప్పలేవు. చాలాసార్లు అవి చెప్పేదానికి సరిగ్గా వ్యతిరేకంగా జరుగుతుంది. మెత్తని ఫోమ్ కూర్చోగానే అణిగి ఒంటికి అమరుతుంది, అందుకే హాయిగా ఉంటుంది. గంట గడిచేసరికి పూర్తిగా నలిగి, కింది ప్లాస్టిక్ అడుగు మీద కూర్చున్నట్టే అవుతుంది. బరువంతా పిరుదుల లోపలి రెండు ఎముకల మీదకు చేరుతుంది. కాస్త గట్టి ఫోమ్, వెడల్పైన వెనక భాగం, ముందుకు జారని సమతలం, ఈ మూడూ ఉన్న సీటు మొదట నిరాశపరిచినా సాయంత్రానికి మిమ్మల్ని కాపాడుతుంది. సీటు ముందుకు వాలి ఉంటే ప్రతి బ్రేకుకూ ట్యాంకు మీదకు జారుతారు, ఆ జారుడును ఆపడానికి చేతులు పని చేస్తాయి, మణికట్లు నొప్పి పెడతాయి. మణికట్టు నొప్పికి హ్యాండిల్‌ను తిట్టుకునే చాలామందికి అసలు కారణం సీటు వాలులోనే ఉంటుంది.

అందుకే కనీసం గంటన్నర నడపకుండా తేల్చుకోవద్దు. కొత్త బండి అంతసేపు ఇవ్వలేమంటే అదే మోడల్ అద్దెకు దొరుకుతుందేమో చూడండి, ఒక రోజు అద్దె తప్పు కొనుగోలుకన్నా ఎన్నో రెట్లు చౌక. అదీ కుదరకపోతే సెంటర్ స్టాండు వేసిన బండి మీద, మీరు ప్రయాణంలో వేసుకునే దుస్తులతోనే, అరగంట కదలకుండా కూర్చోండి. షోరూమ్ వాళ్లు వింతగా చూస్తారు, చూడనివ్వండి. మోకాలు ఎంత మడిచి ఉంది, వీపు వంకర పోతోందా, చేతులు మోచేతి దగ్గర కొద్దిగా వంగి తేలికగా ఉన్నాయా, మెడ పైకెత్తాల్సి వస్తోందా అని చూసుకోవడానికి అరగంట బాగానే సరిపోతుంది.

మీ ఎత్తు గురించి. వీ-స్ట్రామ్ 650 సీటు ఎత్తు 835 మిల్లీమీటర్లు, డోవిల్‌ది దాదాపు 805. మూడు సెంటీమీటర్ల తేడా కాగితం మీద చిన్నది, 160 సెంటీమీటర్ల మనిషికి చిన్నది కాదు. అయితే సీటు ముందు భాగం ఎంత వెడల్పుగా ఉందన్నది కూడా అంతే ముఖ్యం. వెడల్పు సీటు తొడల్ని పక్కకు తోసి కాలును పొట్టి చేస్తుంది. కాబట్టి అంకెను నమ్మకుండా కూర్చుని చూడండి. రెండు పాదాలు పూర్తిగా ఆనక్కర్లేదు. రెండు పాదాల ముందు భాగాలు గట్టిగా ఆనితే చాలు, లేదా ఒక పాదం పూర్తిగా ఆనాలి. అక్కగారు ఎక్కాక బండి రెండు మూడు సెంటీమీటర్లు కుంగుతుంది, అది మీకు మేలే. ఎవరైనా వెనక సస్పెన్షన్ లింకులు మార్చి బండి ఎత్తు తగ్గించేస్తామంటే వెంటనే ఒప్పుకోవద్దు. నేలకూ బండికీ మధ్య ఖాళీ తగ్గుతుంది, సైడ్ స్టాండు పొడుగైపోయి బండి నిటారుగా నిలబడి కొద్దిపాటి తోపుకే అవతలి వైపు ఒరిగిపోతుంది. ముందు పల్చని సీటు చూడండి, మడమ మందంగా ఉన్న బూట్లు చూడండి, అవి చాలకపోతే అప్పుడు లింకులు.

రెండు బండ్లతోనూ ఈ పని చేసి చూడండి: నిండా సామానుతో, ఇంజన్ ఆపి, సీటు మీద కూర్చుని కొద్దిపాటి ఎత్తు మీదకు వెనక్కి తోయండి. మీరు 200 సీసీ బండి నుంచి వస్తున్నారు. రోడ్డు మీద వెళ్లేటప్పుడు పెద్ద బండి బరువు తెలియదు. పార్కింగ్‌లో, యూ టర్న్‌లో, కంకర మీద ఆపినప్పుడు తెలుస్తుంది. ఎక్కువ బండ్లు పడేది కూడా అక్కడే, అదీ సున్నా వేగంలో.

గాలి గురించి షోరూమ్‌లో ఏమీ తెలియదు. పెద్ద విండ్ షీల్డు ఉంటే సుఖమని అందరూ అనుకుంటారు. షీల్డు పై అంచు దాటిన గాలి సుడులు తిరుగుతుంది. ఆ సుడి సరిగ్గా హెల్మెట్‌కు తగిలితే తల ఆగకుండా అదురుతుంది, హోరు పెరుగుతుంది, గంటలో తలనొప్పి. అదే షీల్డు పొడుగు మనిషికి బాగుండి మీకు బాగుండకపోవచ్చు, తారుమారు కూడా కావచ్చు. ఒంటరిగా, ఖాళీ రోడ్డు మీద, 80, 90 వేగంలో ఫుట్‌రెస్టుల మీద కొద్దిగా లేవండి. చప్పుడు తగ్గి గాలి సాఫీగా తగిలితే, కూర్చున్నప్పుడు మీ తల సుడిలో ఉందన్నమాట. అప్పుడు నడుం దగ్గర వంగి తల కిందకు దించి చూడండి. అక్కడ ప్రశాంతంగా ఉంటే ఇంకా ఎత్తైన షీల్డు కావాలి, లేకపోతే పొట్టిదే మేలు కావచ్చు. పై అంచు మీ కళ్లకు అడ్డంగా రాకూడదు. దాని మీదుగా రోడ్డు కనబడాలి, లేకుంటే రాత్రి వానలో నరకం. ఏ షీల్డు పెట్టినా ఇయర్ ప్లగ్స్ మాత్రం ఇద్దరూ పెట్టుకోండి. వంద వేగంలో హెల్మెట్ లోపల చప్పుడు 90 డెసిబెల్స్ దాటుతుంది. అది చెవికే కాదు, ఒంటికే అలసట. దీనికన్నా తక్కువ డబ్బుతో ఇంతకన్నా ఎక్కువ సుఖం ఇచ్చేది నాకు తెలియదు. ఇయర్ ప్లగ్స్ విషయంలో చట్టం అన్నిచోట్లా ఒకేలా ఉండదు, తిరిగే చోటి నిబంధన ఒకసారి చూసుకోండి.

వైబ్రేషన్ విషయంలో రెండు బండ్లూ మంచివే. రెండూ వీ-ట్విన్ ఇంజన్లు, అంటే రెండు సిలిండర్లు ఇంగ్లిష్ V ఆకారంలో ఉంటాయి. సుజుకిది 645 సీసీ, సిలిండర్ల మధ్య 90 డిగ్రీల కోణం. ఆ కోణంలో రెండు పిస్టన్ల ముఖ్యమైన అదురు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. హోండాది 680 సీసీ, 52 డిగ్రీలు. క్రాంక్ పిన్‌లను, అంటే పిస్టన్ రాడ్లు తగిలే పిన్నులను పక్కకు జరిపి అదే ఫలితానికి దగ్గర చేశారు. మీరు ఎక్కువగా వెళ్లే వేగంలో, టాప్ గేర్‌లో పదిహేను నిమిషాలు ఆపకుండా పోనివ్వండి. దిగాక వేళ్లు తిమ్మిరెక్కాయా, అద్దాల్లో వెనక బండి నంబరు చదవగలిగారా, అంతే చూడాలి. శక్తి గురించి ఆలోచించకండి. ఇద్దరికీ సామానుకూ ఈ సైజు ఇంజన్ చాలు.

మీ అక్కగారి సంగతి అన్నిటికన్నా ముందు రాయాల్సింది, ఇప్పటిదాకా ఆగాను, ఎందుకంటే తీర్పు ఆవిడే ఇవ్వాలి. వెనక కూర్చునేవాళ్లకు మోకాలి కోణం అన్నిటికన్నా ముఖ్యం. సీటుకూ ఫుట్‌రెస్టుకూ మధ్య దూరం ఎంత ఎక్కువుంటే మోకాలు అంత తక్కువ మడుస్తారు. బాక్సులు తగిలించిన తర్వాత ఆవిడ మడమలకు, పిక్కలకు బాక్సు తగులుతోందా చూడండి. బాక్సులు లేకుండా చూపించిన బండిలో ఇది ఎప్పటికీ తెలియదు. ఎక్కడం, దిగడం మరో పరీక్ష. మీరు బండి పట్టుకుని కూర్చున్నాక ఆవిడ ఎడమ ఫుట్‌రెస్టు మీద కాలు పెట్టి, కుడికాలు సీటు మీదుగా తిప్పాలి. టాప్ బాక్స్ ఉంటే ఆ కాలు తిప్పడానికి వెనక చోటు ఉండదు, సీటుకూ బాక్సుకూ మధ్య నుంచి మోకాలు మడిచి దూర్చాలి. నొప్పి ఉన్న మోకాలు ఏదో, దాని మీద బరువు పడుతోందో లేదో చూసుకోండి. రోజుకు పదిసార్లు ఎక్కి దిగుతారు. ఇంట్లో ఐదుసార్లు వరసగా ఎక్కి దిగమనండి, ఐదోసారి ముఖం చూస్తే మీకు తెలిసిపోతుంది. టాప్ బాక్స్‌కు వీపు ఆనించే మెత్త ఉంటే మాత్రం ఆవిడకు పెద్ద ఊరట, యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడల్లా వెనక్కి పడతానేమోనన్న టెన్షన్ ఉండదు.

ఆవిడ కూర్చున్నప్పుడు వెనక షాక్ ప్రీలోడ్, అంటే స్ప్రింగు బిగింపు, పెంచడం మర్చిపోకండి. ఇద్దరూ సామానుతో ఎక్కాక సస్పెన్షన్ మొత్తం కదలికలో దాదాపు మూడో వంతు కుంగితే సరైన సెట్టింగు. దాన్ని చేత్తో తిప్పే నాబ్ ఉంటే రోజూ చేస్తారు, పానా వెతకాలంటే ఎప్పటికీ చేయరు. మీరు చూసిన రెండు బండ్ల మీద ఆ నాబ్ ఎక్కడుందో, బాక్సులు తగిలించాక చెయ్యి అందుతుందో అడగండి.

పెట్రోలు ట్యాంకులు రెండింటివీ ఇరవై లీటర్ల దగ్గరే. లీటరుకు ఇరవై వచ్చినా 400 కిలోమీటర్లు, నిండు బరువుతో మూడు వందలని లెక్క వేసుకోండి. అంతకన్నా ఎక్కువ రేంజి మీకు అక్కర్లేదు. నొప్పి ఉన్న మోకాలితో మీ అక్కగారు నూట యాభైకొకసారి దిగాల్సిందే.

చివరగా డబ్బు. బండి ధరల్ని పోల్చొద్దు, ప్రయాణానికి సిద్ధమైన ధరల్ని పోల్చండి. మొదటి బండికి బాక్సులు, చట్రాలు, తాళాలు, లోపలి సంచులు, సెంటర్ స్టాండు, క్రాష్ గార్డు, బహుశా వేరే విండ్ షీల్డు, వేరే సీటు కూడా కలపండి. ఈ చిల్లర ఖర్చులన్నీ కలిస్తే బండి ధరలో ఒక మంచి వాటా అవుతుంది, పైగా తిరిగి అమ్మేటప్పుడు వాటికి విలువ దాదాపు రాదు. తర్వాత నాలుగేళ్ల ఖర్చు వేయండి. సుజుకిది చైను. ఎనిమిది వందలు, వెయ్యి కిలోమీటర్లకొకసారి, వానలో తడిసిన ప్రతిసారీ లూబ్ వేయాలి, బాగా చూసుకుంటే చైను, స్ప్రాకెట్లు ఇరవై, పాతిక వేల కిలోమీటర్ల దాకా వస్తాయి. సెంటర్ స్టాండు లేకుండా ఆ పని దారిలో చేయడం శిక్ష. వాల్వ్ క్లియరెన్స్, అంటే ఇంజన్ వాల్వుల దగ్గరి సన్నని ఖాళీ, చూడాల్సింది 24,000 కిలోమీటర్లకు. హోండాది షాఫ్ట్, అప్పుడప్పుడు దాని ఆయిలు మార్చడం తప్ప పనిలేదు. ఒక్క వారం ప్రయాణంలో రెండు వేల కిలోమీటర్లు తిరిగే మీలాంటి మనుషులకు ఇది నిజమైన సుఖం, సాయంత్రం గది చేరాక బండి దగ్గర మోకాళ్ల మీద కూర్చోవాల్సిన పని ఉండదు.

కానీ ఆ హోండా 2006లో వచ్చిన మోడల్, తయారీ ఆగిపోయి పదేళ్లు దాటింది. కాబట్టి ధర సగమని సంతోషపడేలోపు కొన్ని చూడాలి. టైరు పక్కన నాలుగు అంకెల తేదీ ఉంటుంది, 2319 అంటే 2019లో 23వ వారం. గాడులు ఎంత లోతున్నా ఐదారేళ్లు దాటిన టైర్లకు కొత్తవి వేయించే ఖర్చు ధరలోంచి తగ్గించమనండి. ముందు ఫోర్కుల మీద ఆయిలు చారలున్నాయా, వెనక చక్రాన్ని పక్కలకు ఊపితే లూజు ఉందా, షాఫ్ట్ గేర్ డబ్బా దగ్గర ఆయిలు కారుతోందా, బ్రేకు ఆయిలు ఎప్పుడు మార్చారు, అన్నీ అడగండి. వెనక షాక్ అన్నేళ్ల తర్వాత తన పని సరిగ్గా చేయదు, దాన్ని బాగు చేయించడానికో మార్చడానికో డబ్బు ముందే పక్కన పెట్టుకోండి. ఇద్దరితో తిరిగే బండికి అది విలాసం కాదు. ఏబీఎస్ ఉన్నవీ లేనివీ రెండు రకాలూ వచ్చాయి, ఉన్నదైతేనే కొనండి. పక్క బాక్సుల మూతలు, రబ్బరు అంచులు, తాళాలు, ఫెయిరింగ్ ముక్కలు విరిగి ఉంటే జాగ్రత్త. ఇంజన్ భాగాలకన్నా ఇలాంటి ప్లాస్టిక్ ముక్కలే పాత బండ్లకు దొరకడం కష్టం. మీకు దగ్గర్లో ఆ బండి మీద పని చేసిన మెకానిక్ ఎవరైనా ఉన్నారో లేదో కొనక ముందే కనుక్కోండి, కొన్నాక కాదు.

నా మాట అడిగారు కాబట్టి చెబుతాను. మీ ఎత్తుకు, మీ అక్కగారి మోకాలికి, గట్టి రోడ్ల మీద సాగే మీ ప్రయాణాలకు డోవిల్‌లాంటి బండే సరిపోతుంది. సర్వీసు రికార్డు ఉండి, మెకానిక్ దొరికి, టైర్లు, షాక్ ఖర్చు కలిపాక కూడా రెండో బండి ధర మొదటిదానిలో మూడింట రెండు వంతులు దాటకపోతే అదే తీసుకోండి. రికార్డు లేకపోతే, లేదా విడిభాగాల కోసం నెలలు ఎదురుచూడాల్సిన పరిస్థితి ఉంటే వీ-స్ట్రామ్ తీసుకోండి, రెండు పక్క బాక్సులతో సరిపెట్టండి, మూడోదానికి అనుకున్న డబ్బు సీటుకూ విండ్ షీల్డుకూ పెట్టండి. ఏది తీసుకున్నా మొదటి నెల అక్క లేకుండా, బాక్సుల్లో ఆవిడ బ్యాగు బరువు మాత్రం పెట్టుకుని తిరగండి. యూ టర్న్‌లు, ఎత్తు మీద ఆపి మళ్లీ కదలడం, గట్టి బ్రేకు, ఇవి ఖాళీ గ్రౌండులో అలవాటయ్యాక ఆవిడను ఎక్కించుకోండి.